మూరెడెత్తు ఉచ్చు

పొద్దు ఇంకా కొండెక్కలేదు. మేకల దొడ్డి తలుపు తీయబోయిన హన్మాండ్లుకు గేటు దగ్గర తనకు వీసా ఇచ్చిన కఫీల్ బండి కనబడింది. రేపొస్తానన్న ముసలి యజమాని రాత్రే వచ్చేశాడు. బండి వెనక పంజరం తెరిచి ఉంది. లోపల వేటకుక్క బర్క్ లేదు.

"సాయవ్వా! కుక్కనిడిశిండు!"

పొయ్యి ముందున్న పెండ్లాం గంటె పట్టుకునే బయటికొచ్చింది. "మరి నీ ఉచ్చో?"

"వాగుల్నే ఉన్నది."

"మొత్తుకున్న గద! ఇది మన అడివి గాదు, జింకను ముడితె జేలేనన్న. నీ చెవులేడ వెట్టుకున్నవ్?"

లోపల గోనెపట్టా మీద పోచన్న దగ్గుతున్నాడు. సాయవ్వ తమ్ముడు. క్వారీలో కాలు విరిగితే కంపెనీ చేతులు దులుపుకుంది. కంపెనీ వదిలి పారిపోయి ఖల్లివెల్లి అయి, కాగితం ముక్క లేకుండా, గల్ఫులోని ఈ ఫుజైరా కొండల్లో అక్క పంచన దాక్కున్నాడు. పోలీసులు ఈ తోటలో అడుగుపెడితే ముందు దొరికేది వాడే. ఊళ్లో అయితే చలికాలం జింక మాంసం తునకలు పొయ్యి మీద పొగకు వేలాడేవి, బొక్క విరిగినవాడికి బొక్కల చారు గొంతులో పోసేవారు. ఇక్కడ మందలో మేకలన్నీ కఫీల్‌వే. మనిషికి వచ్చేది బియ్యం, పప్పు. అందుకే హన్మాండ్లు ఉచ్చుకు తీగ తీశాడు.

చెప్పులు కూడా తొడుక్కోకుండా వాగులోకి ఉరికాడు.

తుమ్మచెట్టు కనబడకముందే గురక వినబడింది. ఉచ్చులో జింక లేదు. బర్క్ ఉంది. కఫీల్ కొడుకుల కన్నా ఎక్కువగా చూసుకునే వేటకుక్క. గుంజినకొద్దీ తీగ మెడలోకి దిగుతోంది, నాలుక నల్లబడుతోంది.

తండ్రి నేర్పినట్టే మూరెడెత్తున కట్టాడు. ఊరకుక్క నేల వాసన చూస్తూ కిందినుంచి దూరిపోతుంది, తలెత్తుకు నడిచే జింక పడుతుంది. ఇది ఊరకుక్క కాదుగా! జింక కాళ్లు, జింక మెడ. ముక్కుతో కాదు, కండ్లతో వేటాడే జాతి. తలెత్తుకునే ఉరుకుతుంది.

"బర్క్! యా బర్క్!" గుట్ట అవతలినుంచి ముసలాయన పిలుపు.

పారిపోవచ్చు. ఎవరు కట్టారో ఎవరికి తెలుసు? నేరం పక్క తోట పఠాన్ ఖాసిం మీదికి పోతుంది. కాళ్లు వెనక్కి తిరిగాయి కూడా. కుక్క ఒక్కసారి మూలిగింది.

"నీయవ్వ..." అంటూ తలకు చుట్టిన తువాలు విప్పి దాని కండ్ల మీద కప్పాడు. జింకకు చేసేది అదే. చూపు పోతే గుంజుడు ఆగుతుంది. ఇది ఆగలేదు. ముంజేతిలో పండ్లు దించింది. అరిస్తే ముసలాయన వింటాడు. పెదవి కొరుక్కుని, కుక్కను రొమ్ముకు అదుముకుని, చెట్టు వైపు నెట్టాడు. తీగ సడలింది. రెండో చేత్తో ముడి కిందికి జార్చి తల మీదుగా తీశాడు.

కుక్క దగ్గుతూ కూలబడింది. ఎదురుగా తెల్లని కందూరా అంగీ. ముసలాయన.

"యే క్యా హై?"

చేతిలో తీగ, చేయంతా నెత్తురు. ఖాసిం పేరు నాలుక చివరిదాకా వచ్చింది.

"మేరా హై, బాబా. గజాల్ కే లియే." జింక కోసమని ఒప్పేసుకున్నాడు.

"కౌన్ ఖాయేగా?"

"బామ్మర్ది... కాలు టూటా..." అన్నాక గానీ తెలియలేదు, దాచినవాణ్ణి తన నోటితోనే పట్టించాడని.

ముసలాయన తీగ లాక్కుని తోటవైపు నడిచాడు. గుమ్మంలో సాయవ్వ గంటె అడ్డం పెట్టినట్టు నిలబడింది. కఫీల్ చూసేసరికి పక్కకు జరిగింది. పోచన్న గోడ పట్టుకుని లేవబోయి పడ్డాడు. ముసలాయన ఆ వంకర కాలును చేతికర్రతో తాకి చూశాడు. జేబులోంచి ఫోన్ తీశాడు. సాయవ్వ నోట్లో కొంగు కుక్కుకుంది.

ఫోన్‌లో కుక్కల డాక్టరును రమ్మన్నాడు. తర్వాత దొడ్డివైపు కర్ర చూపించి, "బుడ్డీ బక్రీ కాటో. పైర్ ఠీక్, ఫిర్ ఖలాస్. యే జాయేగా" అన్నాడు. ముసలి మేకను కోసుకోవాలి, కాలు బాగయ్యాక వీడు వెళ్లిపోవాలి. తీగ చుట్ట చుట్టి జేబులో వేసుకున్నాడు. దాన్ని మాత్రం పారేయలేదు.

సాయంత్రానికి మేక తునకలు పొయ్యి మీద వేలాడుతున్నాయి. పోచన్న చారు జుర్రుతున్నాడు.

"బావా, ముసలోడు మంచోడే."

"మంచోడే. తీగ జేబుల వెట్టుకున్న మంచోడు. రేపు నేను తలెత్తి మాట్లాడితె అది బయటికొస్తది."

"అయితె కిందినుంచి దూరుడు నేర్సుకో," అంది సాయవ్వ, కట్టు కట్టిన అతని చేతికి గిన్నె అందిస్తూ.

వేటలో మొదటి బొక్క కుక్కది. హన్మాండ్లు చారులోంచి ఒకటి ఏరి, గుమ్మం బయట మెడకు కట్టుతో కూర్చున్న బర్క్ ముందు పెట్టాడు. అది బొక్కను వదిలేసి, తను కరిచిన అతని చేతినే చాలాసేపు వాసన చూసింది.