చిత్తడి పటంలో ఒక కేక

పెళ్లై ఏలూరు వచ్చిన కొత్తలో పద్మప్రియ అత్తవారింట్లో దాచిన సంగతి ఒక్కటే. ఆమె కంప్యూటర్లో యుద్ధాలు చేస్తుంది. వారమంతా బ్యాంకులో పనిచేసి, ఆదివారం మధ్యాహ్నం అందరూ నడుం వాల్చాక, గది తలుపు దగ్గరగా వేసుకుని, ఏనాటివో దొరల రాజ్యాల్లో సైన్యాన్ని కూడగట్టి కోటల మీద పడుతుంది. భర్త శ్రీహరికి ఇది తెలుసు. అతనికి ఆ ఆట మీద ఆసక్తీ లేదు, అభ్యంతరమూ లేదు.

ఒకనాడు మామగారు నాగేశ్వరరావు మంచినీళ్లకని లేచి, గదిలోంచి గుర్రపు డెక్కల చప్పుడు వినబడితే తలుపు తోసి చూశారు. ఆయన ఇరిగేషన్లో పనిచేసి రిటైరైన మనిషి. పద్మప్రియ గాభరాపడి ల్యాప్‌టాప్ మూయబోయింది. ఆయన కుర్చీ దగ్గరకి లాక్కుని కూర్చున్నారు.

"ఉంచమ్మా. ఇందాకట్నించీ నడుస్తోందే ఆ సైన్యం, అన్నం ఎప్పుడు తింటుంది?"

ఆ ఆటలో సైనికులు తిన్నా తినకపోయినా ఒకటే. వెతికితే ఆ లోటు తీర్చే మాడ్ ఒకటి దొరికింది. మాడ్ అంటే ఆట అమ్మే కంపెనీ ఇచ్చేది కాదు. ఆడేవాళ్లే ఎవరికి వారు తమకు తోచిన మార్పో చేర్పో తయారుచేసి, నలుగురికీ ఊరికే పంచేది. అది పెట్టాక సైన్యానికి ఆకలి పుట్టింది, ధాన్యం బళ్లు వెనకాల రావలసి వచ్చింది. మరి వాన పడదేం అన్నారు మామగారు. దానికీ ఒక మాడ్ ఉంది. వానలో విల్లు తాడు నానదా అన్నారు. దానికి మూడు ఉన్నాయి.

ఉత్సాహం పట్టలేక పద్మప్రియ ఆ మూడూ ఒకేసారి ఎక్కించింది. తెర నల్లబడి ఊరుకుంది. ఒకదానికొకటి పడని మాడ్‌లు కలిస్తే అంతే. అవి తీసేసి, ఒక్కొక్కటే పెట్టి కాసేపు ఆడి చూసుకుని, అప్పుడు రెండోది పెట్టడం ఆమె అలవాటు చేసుకుంది. ఇక ఏది పెట్టాలన్నది తేల్చే పని మామగారు తీసుకున్నారు. బొమ్మలెక్కువున్న మాడ్‌ని ఆయన నమ్మేవారు కాదు. మాడ్ పేజీ కింద జనం రాసిన తిట్లు చదివించుకునేవారు. తిట్టినవాడికి కూడా తయారుచేసినవాడు మర్యాదగా బదులు చెప్పి ఉంటే, "ఇది పెట్టమ్మా" అనేవారు.

చిత్తడినేలల మాడ్ అలా దొరికిందే. పటం మీద ఉత్తినే ఆకుపచ్చగా ఉండే పల్లాన్ని నిజంగా నీళ్లూ తుంగా బురదా చేస్తుందట. దాన్ని ఇద్దరు వేరువేరుగా తయారుచేశారు. ఒకరిది కళ్లు చెదిరేలా ఉంది. రెండోదానికి వివరం రెండే ముక్కలు. కానీ దాని కింద దేశదేశాలవాళ్లూ వాదించుకుంటున్నారు. పక్షుల అరుపుల మధ్య ఎవరిదో గొంతు వినిపిస్తోందనీ, అది సన్యాసి చదివే లాటిన్ మంత్రమనీ ఒకరు, మునిగిపోతున్నవాడి ఆర్తనాదమని ఇంకొకరు. ఈ గోలేమిటో చూడాలని మామాకోడళ్లిద్దరికీ పట్టుకుంది. రెండోదే పెట్టారు.

సైన్యం మోకాటిలోతు నీళ్లలో దిగింది. ముందు కొంగలు, తర్వాత గూడబాతుల రెక్కల చప్పుడు. ఆ వెనక, చాలా దూరంనుంచి, గాలికి చెదిరిపోతూ ఒక కేక. పద్మప్రియ హెడ్‌ఫోన్స్ తెచ్చి ఒక చెవిది తను పెట్టుకుని రెండోది మామగారి చెవికి ఆనించింది. నాలుగైదుసార్లు విన్నాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఆగు ఇస్సాకూ! అప్పుడే లాగకూ!"

లాటినూ కాదు, మంత్రమూ కాదు. మనవాడెవరో వల దగ్గర అరుస్తున్నాడు.

ఆ సాయంత్రమే ఆమె మాడ్ తయారుచేసినతనికి నాలుగు ముక్కలు రాసింది. మర్నాటికి తెలుగులో జవాబొచ్చింది. అతని పేరు ఆనంద్ పాల్, తాడేపల్లిగూడెంలో పాలిటెక్నిక్ లెక్చరర్. మూడేళ్ల కిందట పెదపాడు మీదుగా కొల్లేటికి వెళ్లి, ఒక గట్టు మీద కూర్చుని పక్షుల కోసం రికార్డు చేశాడు. ఆ కేక తనకి ఎన్నిసార్లు విన్నా అర్థం కాలేదనీ, ఫిర్యాదులు ఎక్కువయ్యాయి కాబట్టి కొత్త వెర్షన్లో తీసేస్తున్నాననీ రాశాడు. తొందరపడొద్దని పద్మప్రియ ఫోన్ చేసి బతిమాలింది. ఆ అరిచిందెవరో, ఆ ఇస్సాకు ఎవరో తెలుసుకోకుండా ఎలా తీసేస్తారని ఆమె వాదన.

ఆ తర్వాతి ఆదివారం ఆనంద్ పాల్ రైల్లో ఏలూరు వచ్చాడు. మామాకోడళ్లూ అతనూ కారులో బయల్దేరారు. పెదపాడు దాటాక వరిచేలు తగ్గి చేపల చెరువులు మొదలయ్యాయి. ఆ గట్టు దగ్గరి ఊళ్లో టీ కొట్టు ముందు ఆగి ఇస్సాకు గారిల్లెక్కడని అడిగారు.

"ఏ ఇస్సాకండీ? మా ఊళ్లో నలుగురున్నారు" అంది కొట్టావిడ.

పద్మప్రియ ఫోన్లో కేక వినిపించింది. కొట్టావిడ చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది.

అది ఎలీయాజరు గొంతని చెప్పి, పొయ్యి తగ్గించి, తనే వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. దారిలో మిగతాదీ చెప్పింది. ఆ గొంతు ఒకప్పుడు అవతలి లంక దాకా వినబడేది. రెండేళ్ల కిందట గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. మనిషి దక్కాడు, గొంతు పోయింది.

ఎలీయాజరు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన తమ్ముడు ఇస్సాకు వల బాగుచేసుకుంటున్నాడు. కారూ, ల్యాప్‌టాప్ సంచీ చూసి, చెరువుగట్లు కొలవడానికొచ్చిన ఆఫీసువాళ్లనుకుని ఇస్సాకు ముభావంగా లేచి నిలబడ్డాడు. నాగేశ్వరరావు నెమ్మదిగా సంగతి చెప్పారు. అన్నదమ్ములకి సగం కూడా బోధపడలేదు. చివరికి పద్మప్రియ ఫోన్ తీసి కేక వినిపించింది.

ఇస్సాకు తల తిప్పేసుకున్నాడు. ఎలీయాజరు ముందుకు వంగి, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించాడు. మళ్లీ వినిపించింది. అతను గాలిలాంటి గొంతుతో ఏదో అన్నాడు. ఇస్సాకు దాన్ని పైకి చెప్పాడు.

"ఇది ఎవరికోసం దాచారని అడుగుతున్నాడండీ అన్నయ్య."

ఆమె అరుగు మీదే ల్యాప్‌టాప్ తెరిచి ఆట చూపించింది. ఇనుప టోపీల సైనికులు తుంగ తొక్కుకుంటూ పోతున్నారు. కేక వచ్చింది. వాళ్లు ఆగకుండా నడుస్తూనే ఉన్నారు. ఎలీయాజరు భుజాలు కదిలేలా నవ్వి, దగ్గరకి రమ్మని ఆమె చెవిలో చెప్పాడు.

"ఆ రోజు ఇస్సాకే వినలేదమ్మా. లాగేశాడు. చేపంతా పోయింది. వీళ్లేం వింటారు?"

పద్మప్రియకు నవ్వూ వచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. సైన్యాన్ని ఆపాలంటే ఆ ఆటలో ఒక మీట నొక్కితే కొమ్ము ఊదుతారు. ఆ కొమ్ము బదులు ఈ గొంతు పెట్టొచ్చా అని ఆమె ఆనంద్ పాల్‌ని అడిగింది. పెట్టొచ్చన్నాడు, అదేమంత కష్టం కాదన్నాడు. ఎలీయాజరు గారు ఒప్పుకుంటేనే అని కూడా అన్నాడు.

నొక్కితే నిజంగా ఆగుతారా అని ఎలీయాజరు ఒకటికి రెండుసార్లు అడిగించాడు. ఆగుతారని తెలిశాక సరేనన్నాడు. ఇస్సాకు మాత్రం తన పేరు తీసేయమని బతిమాలాడు. ప్రపంచమంతా తన పేరు పెట్టి కేకలేస్తే బాగుండదన్నాడు. అన్న ఆ ఒక్కదానికి ససేమిరా అన్నాడు.

కొత్త మాడ్ నెల తిరక్కుండా వచ్చింది. లాటిన్ మంత్రమన్నవాళ్లు కాసేపు నొచ్చుకుని తర్వాత డౌన్‌లోడ్ చేసుకున్నారు. ఎక్కడెక్కడి సేనాపతులో కొండల్లోనూ మంచులోనూ ఇస్సాకుని ఆపుతున్నారు. ఇస్సాకు ఎవరని అడిగినవాళ్లందరికీ ఆనంద్ పాల్ ఓపిగ్గా, మాట వినని తమ్ముడని రాశాడు. ఆ జవాబులు నాగేశ్వరరావు ప్రతివారమూ చదివించుకుంటున్నారు.

మొన్న ఇస్సాకు పద్మప్రియకు ఫోన్ చేశాడు. కేక ఒక్కటీ విడిగా పంపమన్నాడు. అన్న ఫోన్ చేస్తే అదే మోగేలా పెట్టుకుంటానన్నాడు. అన్న గట్టు మీంచి పిలిస్తే పడవలోకి వినబడదు కదండీ, ఇకమీద మిస్డ్ కాల్ ఇస్తే చాలు, నీళ్ల మీద కేకే వినిపిస్తుందన్నాడు. ఆమె పంపింది. వారం ఆగి, ఇప్పుడైనా అన్నయ్య మాట వింటున్నారా అని అడిగింది.

"సగం సార్లండీ" అన్నాడు ఇస్సాకు.