పలకని పాస్‌వర్డ్

పప్పుకు తాలింపు వేస్తున్నాను. మా ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, ఆవాల చిటపట ఆగేదాకా చూసి, "రేపు తప్పు నీదని చెప్పేయ్, సరిపోతుంది" అన్నారు. ఉప్పు సరిపోతుంది అన్నంత తేలిగ్గా అన్నారు.

ఫిల్మ్‌నగర్‌లో సినిమాలకు టైటిళ్ళూ గ్రాఫిక్సూ చేసే స్టూడియోలో ఇద్దరం పనిచేస్తాం. ఆయన ప్రొడక్షన్ మేనేజర్. నేను సర్వర్ చూసుకుంటాను. అందరి పనీ దాచే కంప్యూటర్ అది. ఏ ఫోల్డరు ఎవరు తెరవాలో, ఎవరు చూసి ఊరుకోవాలో, ఎవరు మార్చవచ్చో, ఎవరు చెరపవచ్చో చూసి హక్కులు ఇచ్చేది నేనే. అందులో నా పేరు సూపర్‌వైజర్. యూసుఫ్‌గూడలో ఇంటికొస్తే నా హ్యాండ్‌బ్యాగ్ జిప్పు ఎవరైనా లాగొచ్చు. నేను పుట్టింటికి వెళ్ళాలంటే మాత్రం ఆయన అమ్మనడుగు అంటారు, అత్తగారు వాడినడుగు అంటారు. ఒకప్పుడు ఇది తలచుకుని నవ్వుకునేదాన్ని.

సర్వర్ కొత్తగా వచ్చినప్పుడు ఏం పాస్‌వర్డ్ పెట్టాలా అని ఇంట్లో ఆలోచిస్తుంటే, తన పేరే పెట్టమన్నారాయన. "నీ నోట ఆ మాట చచ్చినా రాదు. ఇంతకన్నా భద్రం ఏముంటుంది?" అని నవ్వారు. నిజమే. మా అత్తగారు శేషారత్నంగారి లెక్కలో ఆడది మొగుడి పేరు పలికితే ఆయనకు ఆయుక్షీణం. ఆస్పత్రిలో చీటీ రాసే అమ్మాయి భర్త పేరు అడిగితే, వెంట వచ్చిన పొరుగింటి జగదాంబగారు చెప్పారు. నేను కడుపు పట్టుకుని తల దించుకున్నాను. అలాంటి నేను రోజూ పొద్దున్నే ఆ పేరును వేళ్ళతో కొట్టి పని మొదలుపెట్టేదాన్ని, పెదవి కదపకుండా.

మంజులత మా టైటిళ్ళు గీసే అమ్మాయి. మొన్న మా ఆయన ఆమె కుర్చీ వెనక నిలబడి భుజం మీద చెయ్యి వేస్తే, "చెయ్యి తియ్యిండ్రి సార్" అని అందరికీ వినబడేలా అంది. మర్నాడు ఆమె నెలల తరబడి గీసిన ఫోల్డరు మాయమైంది. దానికి వేరే నకలు లేదు. ఓనరు వెంకటరామయ్యగారు అజాగ్రత్త అని ఆమెనే తిట్టి, రేపట్నుంచి రావద్దన్నారు. "అక్కా, గది నా కష్టం. నేనెందుకు చెరుపుకుంట? నువ్వన్న జర చెప్పరాదె" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. వెతికి చూస్తే, చెరిపింది సూపర్‌వైజర్ అని వేళతో సహా సర్వర్ చెప్పింది. ఆ వేళకి నేను ఇంట్లో బియ్యం ఏరుతున్నాను. ఆ పేరు పెట్టించిన మనిషికి తప్ప పాస్‌వర్డ్ వేరెవరికీ తెలియదు. నా మీద నాకే అసహ్యం వేసింది. చెరిపింది మంజులత కాదని మాత్రం ఓనరుకు చెప్పగలిగాను. మరి ఎవరో రేపు అందరి ముందూ తేల్చమన్నారు వెంకటరామయ్యగారు.

ఇంట్లో ఈయన కాదని బుకాయించనైనా లేదు. "దానికి బుద్ధి రావాలిగా" అన్నారు. తర్వాత గొంతు మెత్తబడింది. "ఆడదానివి, పొరపాటంటే మహా అయితే మానేయమంటారు. ఇంట్లో ఉంటావు. నా పేరు బయటికొస్తే ఇండస్ట్రీలో ఎవరు పిలుస్తారు?" హాల్లోంచి అత్తగారు అందుకున్నారు. "మొగుడి పేరు బజారుకెక్కించే కొంప నుంచి రాలేదుగా నువ్వు!"

ఇంట్లో ఉంటావు, అన్నారు. ఏదైనా ముట్టుకునే ముందు మనుషులు నన్ను అడిగే చోటు ఈ లోకంలో ఆ సర్వర్ ఒక్కటే. అదీ చెరిపేస్తారన్నమాట. పప్పులో ఉప్పు వేశానో లేదో గుర్తురాలేదు. మళ్ళీ వేశాను. అందరూ నీళ్ళు తాగి తాగి తిన్నారు.

మర్నాడు ఓనరు గదిలో మంజులత గోడకి ఆనుకుని నిలబడింది. మా ఆయన కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నారు. బెదురేమీ లేదు. నా నోటి మీద ఆయనకంత నమ్మకం.

"నీ పేరుతో ఇంకెవరైనా లోపలికి వెళ్ళగలరా అమ్మా?" అన్నారు వెంకటరామయ్యగారు.

"వెళ్ళగలరండీ. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారు."

"ఎవరు? అసలా పాస్‌వర్డ్ ఏంటి?"

మా ఆయన గడియారం చూసుకుంటున్నారు.

"రెండింటికీ ఒకటే జవాబండీ," అన్నాను. "చలపతిరావు."