ఇరవై ఎనిమిది బిందెలు

డెబ్బై నాలుగు ఫిబ్రవరి మొదటివారంలో నా చేతిలో ఉన్నది ఇది. బెల్లం వండే ఇనుప పెనం ఒకటి. ఉయ్యూరు పక్క రైతు ఒకాయన చెరకంతా ఫ్యాక్టరీకి తోలుతున్నాను, ఇక ఇదెందుకని నాకే తిరిగి ఇచ్చేశాడు. ఐదడుగుల అడ్డం, అడుగున్నర లోతు, ఒక్క చిల్లు లేదు. పెరట్లో వేసవిలో కూడా ఎండని బావి. మిషన్ ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు పురుళ్ళు పోసి రిటైరై మా వీధి చివర ఉంటున్న నర్సు సువార్తమ్మగారు. ముగ్గురు పిల్లలు. నెలలు నిండటానికి నలభై రోజుల గడువు. ఇక నష్టం వైపు చూస్తే, నా భార్య సుబ్బరత్నం గుండెల్లో ఉన్న భయం. అదెంత బరువో నాకు తెలియదు. దాన్ని తూచే రాళ్ళు నా దగ్గర లేవు.

విజయవాడ వన్ టౌన్‌లో నాది ఇనుప సామాను కొట్టు. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఆ వెనక పెరడు. పాత పెనాలు కొని, అతుకులు వేయించి, మళ్ళీ అమ్ముతాను. ఏ వస్తువైనా చూడగానే దేనికి పనికొస్తుందో చెప్పగలనని నాకు కాస్త గర్వం. ఆ పెనం మా ఇంటికే పనికొస్తుందని మాత్రం నాకు తట్టలేదు. రత్నానికి తట్టింది.

భయం ఎక్కడిదో ముందు చెప్పాలి. రెండేళ్ళ కిందట రత్నం నాలుగో కాన్పుకి పుట్టింటికి వెళ్ళింది. కాలవలో నడుంలోతు నీళ్ళలో నిలబడి బట్టలు జాడిస్తుంటే నొప్పులు మొదలయ్యాయి. "నీళ్ళలో ఉన్నంతసేపూ ఓర్చుకోగలిగానండీ," అని తర్వాత నాతో చెప్పింది. అందరూ కంగారుపడి ఒడ్డుకు లాగి, బండిలో వేసి ఆస్పత్రికి చేర్చారు. అక్కడ ఒకటిన్నర రోజు బల్లమీద వెల్లకిలా పడుకుంది. నన్ను గుమ్మం దాటనివ్వలేదు. పిల్లల్ని అప్పటికే మా అక్క ఊరు పంపేశాం. పుట్టిన మగబిడ్డ బతకలేదు. పిల్లలు తిరిగొచ్చాక, "తమ్ముడు రాలేదు," అని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నాం. జీవితంలో నేను చేసిన అన్ని బేరాల్లోకీ అదే చెడ్డ బేరం. పెద్దది మాణిక్యానికి అప్పుడు పదేళ్ళు. ఆనాటినుంచీ వాళ్ళమ్మ కడుపు పట్టుకుని "అబ్బా" అంటే చాలు, అది గోడౌనులోకి పోయి మూటల వెనక దాక్కునేది.

ఈసారి రత్నం ముందే తేల్చేసింది. "నేను ఏ బల్లా ఎక్కను. ఇంట్లోనే, నీళ్ళలోనే కంటాను. పిల్లల్ని ఎక్కడికీ పంపొద్దు. వచ్చిన బిడ్డ ఉన్నా పోయినా వాళ్ళకి తెలియాలి."

"నీళ్ళలో కనడానికి నువ్వేమన్నా చేపవా?"

"కనేది మీరా, నేనా?" అంది. బేరం అక్కడితో తెగింది.

సువార్తమ్మగారిని పిలిచాను. ఆవిడ నవ్వుతుందనుకుంటే నవ్వలేదు. మిషన్ ఆస్పత్రిలో దొరసాని డాక్టరమ్మ నొప్పుల మనిషిని గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టేదనీ, ఒకామె ఎంత చెప్పినా తొట్టిలోంచి లేవకపోతే బిడ్డ నీళ్ళలోనే పుట్టాడనీ, తన చేతులతోనే పైకి తీశాననీ చెప్పింది. మా అమ్మ రావమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది.

"నీళ్ళలో పుడితే బిడ్డ మునిగిపోదూ?"

"తొమ్మిది నెలలూ ఎక్కడుందమ్మా రావమ్మగారూ? నీళ్ళలోనేగా. మునిగిందా?"

మా అమ్మ మూతి తిప్పుకుని లోపలికి పోయింది. ఆవిడకి కాఫీ మాత్రం పంపింది, గూట్లో విడిగా పెట్టిన గ్లాసులో. ఆ గ్లాసు ఎందుకు విడిగా ఉందో సువార్తమ్మగారికీ తెలుసు, నాకూ తెలుసు. ఆవిడ తాగి, తనే కడిగి బోర్లించింది.

షరతులు ఆవిడే పెట్టింది. లేడీ డాక్టరు చూసి, బిడ్డ తల కిందికే ఉందని, రక్తం సరిగా ఉందని చెప్పాలి. నొప్పులు మొదలైన క్షణం నుంచి వీధి మొగలో టాక్సీ నిలబడి ఉండాలి. "నేను 'టాక్సీ' అన్నానంటే మారుమాట ఉండకూడదు జక్కయ్యగారూ. తడిబట్టలతోనే ఎక్కించేస్తా. బిడ్డ నీళ్ళలో పుట్టాలా, పైన పుట్టాలా అన్నది కూడా ఆ గడియకి నేనే చెబుతా." నాలుగు రకాల బేరాలు చూసినవాణ్ణి, అంత గట్టి షరతులు పెట్టే మనిషి మీద నాకు నమ్మకం కుదిరింది.

పెనాన్ని నలుగురు ముఠా కూలీలు వెనక వసారాలోకి మోస్తుంటే ఎదురుకొట్టు వెంకటసుబ్బారావు చూశాడు. "ఏం జక్కయ్యా, ఇంట్లోనే బెల్లం వండుతున్నావా?" విషయం చెప్పాను. వీధంతా వినేలా నవ్వాడు. "కింద మంట పెట్టేవోయ్, పెళ్ళాం పాకానికొస్తుంది!" నవ్వితే నవ్వాడు గాని, కల్యాణాలకి వాడే రెండు గుండిగలు సాయంత్రానికల్లా పంపించాడు, నీళ్ళు కాచుకోమని.

పిల్లల్ని సిద్ధం చేయడం సువార్తమ్మగారి పనే. ముగ్గుర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకుంది. "మీ అమ్మ అరుస్తుంది. భయపడకండి. మన వీధిలో ముఠావాళ్ళు పెద్ద మూట ఎత్తేటప్పుడు అరవరూ? అలాంటి అరుపే. రక్తం కూడా కాస్త కనిపిస్తుంది. చూడబుద్ధి కాకపోతే లేచి వెళ్ళిపోవచ్చు. మళ్ళీ రావచ్చు. ఎవరూ ఏమనరు."

ఆఖరి పిల్ల, ఐదేళ్ళ బేబీ, చెయ్యెత్తింది. "ఇంకో బేబీ వస్తే నేనెవర్ని?"

"తువ్వాలు అందించే దానివి. అది లేకపోతే బిడ్డకి చలేస్తుంది."

తొమ్మిదేళ్ళ సంజీవికి బిందెల లెక్క అప్పగించింది. ఒక ఆదివారం నాడు నీళ్ళు పోసి చూశాం. వాడు గోడమీద సుద్దముక్కతో గీతలు గీశాడు. మరిగినవి ఏడు, బావివి ముప్ఫైమూడు, మొత్తం నలభై బిందెలకి పెనం అంచుకి నాలుగు వేళ్ళ కిందకొచ్చింది. సువార్తమ్మగారు మోచెయ్యి ముంచి తలూపింది. రత్నం చీరతోనే దిగి కూర్చుని, కళ్ళు మూసుకుని, చాలాసేపు లేవలేదు. మాణిక్యానికి ఏ పనీ ఒప్పగించలేదు. "అది దాక్కుంటే దాక్కోనీండి," అంది రత్నం.

నేను చేసిన పొరపాటు ఇప్పుడు చెబుతాను. నీళ్ళు తోడేసిన మూడోనాడు పెనం అడుగున తుప్పు చుక్కలు కనిపించాయి. ఇరవై ఏళ్ళ అలవాటు నాది. తుప్పుతో ఉన్న పెనాన్ని కొట్టు గడప దాటనివ్వను. ఆముదంలో గుడ్డ ముంచి లోపలంతా శుభ్రంగా పట్టించాను. అద్దంలా మెరిసింది. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి అదొక పని అనిపిస్తే కదా.

మార్చి పధ్నాలుగు, గురువారం ఉదయం ఏడింటికి నొప్పులు మొదలయ్యాయి. టాక్సీ వచ్చింది. గుండిగలు మరిగాయి. తొమ్మిదికల్లా సంజీవి నలభయ్యో గీత గీశాడు. రత్నం పెనంలోకి ఒక కాలు పెట్టింది, రెండోది పెట్టింది. అంతే, రెండు కాళ్ళూ ఒక్కసారి ముందుకు జారిపోయాయి.

పడలేదు. వెనకనుంచి ఎవరో చంకల కింద చేతులు వేసి పట్టేశారు. చూస్తే మాణిక్యం. గోడౌనులోంచి ఎప్పుడొచ్చిందో ఎవరమూ చూడలేదు.

సువార్తమ్మగారు నీళ్ళలో వేలు ముంచి వాసన చూసింది. "ఆముదం! ఎవరు రాశారు?"

"నేనేనండీ. తుప్పు పడుతుందని."

"ఎవరికి, మీ ఆవిడకా?"

ఎవరూ నవ్వలేదు. రత్నం వసారా స్తంభాన్ని గట్టిగా వాటేసుకుంది. "నేను ఆస్పత్రికి పోను సిస్టరుగారూ. నన్ను ఆ బల్ల ఎక్కించొద్దు." ఆవిడ రత్నాన్ని చాప మీద పడుకోబెట్టి చూసి, వాచీ వంక చూసి, నాతో మెల్లిగా అంది. "గంట ఉంది. ఆలోపు పెనం జారకుండా చేసి నీళ్ళు నింపితే సరే. లేకపోతే టాక్సీయే."

నలభై బిందెలు తోడిపోయాలి. కడగాలి. మళ్ళీ నింపాలి. గంటలో. అలాంటి లెక్క ముందు నా బుర్ర ఎప్పుడూ ఆగలేదు, ఆ రోజు ఆగిపోయింది.

"నాన్నా, నిలబడితే ఎట్టా? తోడు!" అని అరిచింది మాణిక్యం. "ఒరేయ్ సంజీవీ, మంట ఎగదొయ్. బేబీ, నువ్వు అమ్మ దగ్గర కూర్చో."

తోడాను. ఇద్దరం కలిసి పెనాన్ని ఒరగదీసి మిగతాది ఒంపేశాం. బట్టలసబ్బు తీసుకుని రుద్దుతుంటే ఇంకా జారుడెక్కింది. అప్పుడు లోపలినుంచి మా అమ్మ గొంతు వినిపించింది. నలభై రోజులుగా ఆ వసారా వంక చూడని మనిషి.

"సబ్బుతో ఆముదం వదులుద్దంట్రా వెధవా! నీ తలకి పదేళ్ళు ఆముదం రాశాను, ఏం పెట్టి వదిలించాననుకున్నావు?"

చేతిలో మూకుడు, మూకుడు నిండా కుంకుడుకాయలు. పురిటి స్నానానికని ముందే ఎండబెట్టి దాచిందట. ఆ మాట నాకు ఆ రోజే తెలిసింది. సంజీవి రోకలితో చితక్కొట్టాడు, మా అమ్మ వేడినీళ్ళలో పిసికి నురగ తీసింది, నేనూ మాణిక్యమూ కొబ్బరి పీచుతో తోమాం. పైన మరిగిన నీళ్ళు పోసి కడిగాం. మా అమ్మ చెంగు బిగించి స్వయంగా పెనంలోకి దిగి, అటూ ఇటూ నాలుగడుగులు నడిచింది. "ఇప్పుడు దించండి నా కోడల్ని."

గిలక ఆగకుండా మోగుతుంటే పెరటి గోడ అవతల సందులోకొచ్చి వెంకటసుబ్బారావు కేకేశాడు. "ఏం జక్కయ్యా, పాకం మాడిందా?"

"మాడింది బావా! నీళ్ళు చాలట్లేదు!"

ఇంకో మాట అనలేదు. ఇద్దరు ముఠావాళ్ళని పంపాడు. వాళ్ళు వసారా వైపు వీపు పెట్టి నిలబడి బిందె తర్వాత బిందె తోడి వెనక్కి అందించారు.

చాప మీద రత్నం మూలుగుతోంది. బేబీ తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని పక్కనే కూర్చుంది. "అమ్మా, మూట పెద్దదా?"

"పెద్దదే తల్లీ."

"అయితే గట్టిగా అరిచెయ్. ఫర్వాలేదంట."

రత్నం అరిచింది. అరిచి, నవ్వింది. నొప్పి మధ్యన ఆమె నవ్వడం అదే మొదటిసారి చూశాను.

"ఇరవై ఎనిమిది," అన్నాడు సంజీవి. "ఇంకా పన్నెండు కావాలి."

సువార్తమ్మగారు మోచెయ్యి ముంచింది. "చాలు. కూర్చుంటే పొట్ట మునుగుద్ది. ఇక ఆగేది లేదు, దించండి."

రత్నం దిగింది. జారలేదు. మాణిక్యం పెనం బయట మోకాళ్ళ మీద కూర్చుని వెనకనుంచి తల్లిని పట్టుకుంది. ఒక్కో నొప్పికీ రత్నం దాని ముంజేతుల్ని పిండేస్తోంది. పిల్ల మొహం తెల్లగా పాలిపోయింది. "వెళ్ళాలంటే వెళ్ళమ్మా," అంది సువార్తమ్మగారు. "వెళ్ళను," అంది. "అమ్మా, నేనిక్కడే ఉన్నా." సంజీవి మాత్రం ఒకసారి పెరట్లోకి పోయి, బావిచుట్టూ తిరిగి, మళ్ళీ వచ్చి గోడ దగ్గర నిలబడ్డాడు. ఎవరూ ఏమనలేదు.

పదకొండు గంటల నలభై నిమిషాలకి సువార్తమ్మగారు నీళ్ళలోకి రెండు చేతులూ పెట్టింది. తీసేటప్పటికి చేతుల్లో బిడ్డ ఉంది. కళ్ళు తెరిచే ఉంది. ఏడవలేదు. నేను లోలోపల లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. రత్నం నా వంక చూడలేదు, బిడ్డ వంకే చూస్తోంది. ఆరు, ఏడు. ఎనిమిదికి ఏడ్చింది. నీళ్ళు తోడటం అయ్యాక గోడ అవతలికి పోయి నిలబడ్డ ముఠావాళ్ళు ఈలేశారు.

"ఆడపిల్ల," అంది సువార్తమ్మగారు, రత్నం గుండెమీద పడుకోబెడుతూ. బేబీ పరిగెత్తుకొచ్చి తువ్వాలు కప్పింది. "మూట దిగింది," అని అందరికీ చెప్పింది.

ఇక చివరి లెక్క. కొట్లోని త్రాసు మీద తువ్వాలుతో సహా తూస్తే బిడ్డ మూడు కిలోల వంద గ్రాములు. టాక్సీ ఉత్తినే తిరిగి వెళ్ళింది. అంత సంతోషంగా నేనెప్పుడూ ఏ బండినీ ఖాళీగా పంపలేదు. గూట్లో ఉన్న గ్లాసు ఆ పూట కిందికి దిగలేదు. మా అమ్మ తన గ్లాసులోనే కాఫీ కలిపి సువార్తమ్మగారి చేతికిచ్చింది, కడగబోతే లాక్కుంది. మాణిక్యం ముంజేతుల మీద వాళ్ళమ్మ గోళ్ళ గాట్లు వారం రోజులు ఉన్నాయి. వచ్చినవాళ్ళందరికీ చూపించింది. గోడౌనులో మూటల వెనక చోటు ఖాళీ అయింది. మరుసటి ఏడు కంకిపాడు రైతు ఒకాయన ఆ పెనం అడిగితే, అది అమ్మకానికి కాదన్నాను.

ఆ సాయంత్రం రత్నం పిల్లల్ని మంచం చుట్టూ కూర్చోబెట్టుకుని, రెండేళ్ళ కిందట రాని తమ్ముడి సంగతి మొదటినుంచీ చెప్పింది. వాడి వేళ్ళు ఎలా ఉన్నాయో, జుట్టు ఎంత ఉందో కూడా చెప్పింది. అవి నాకూ తెలియవు. నేనూ అక్కడే కూర్చుని విన్నాను.

రేషను కార్డులో నాకు నలుగురు పిల్లలు. మా మాణిక్యాన్ని మీరెంతమంది అని అడిగితే మాత్రం, ఐదుగురం అని చెబుతుంది. ఆ లెక్కే సరైనది.