ఎట్లుందో చెప్పు అత్తా

పెనం మీది రొట్టెకు తడిగుడ్డ అద్ది, అదే ఊపులో పక్కనున్న జొన్నపిండి ముద్దను పీట మీదికి లాక్కుంది అంబుజ. కుడి అరచేయి దెబ్బ వేస్తోంది, ఎడమచేయి తిప్పుతోంది. ముద్ద బిళ్లయింది, బిళ్ల కంచమంత అయింది. ఆమె చూపు మాత్రం రొట్టె మీద లేదు. ఎదురుగా గూట్లో, పసుపు డబ్బాకు ఆనించి పెట్టిన ఫోను మీద ఉంది. అందులో ప్రజ్ఞ అరుస్తోంది.

పాడుతోంది అనాలి. కాని రాయచూరు బస్టాండు వెనక, మహదేవప్ప నడిపే భోజనశాల, ఖానావళి, వంటింట్లో ఆ పొద్దున ఆ మాట అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"ఇదేం పాటండీ బాబూ, ఇత్తడి బిందెలు మెట్ల మీంచి దొర్లినట్టుంది," అంది వెంకటరత్నమ్మ. ఆమెది ఆంధ్ర నుంచి వలస వచ్చినవాళ్లు కాలువ కింద వరి పండించుకునే క్యాంపు. అన్నం తినే ఇంటి పిల్ల జొన్నరొట్టె తట్టడం నేర్చుకుని ఇరవై ఏళ్లు దాటింది, మాట మాత్రం ఇంకా గుంటూరు వైపే ఉండిపోయింది. "చెయ్యి పడట్లేదు అంబుజక్కా. నేనొక దెబ్బ వేసేలోపు ఆ డప్పులు వాయించేవాడెవడో మూడు దెబ్బలు వేసేస్తున్నాడు."

"నాది జూడు," అంటూ మూడో పీట ముందున్న సుంకమ్మ చిరిగిన రొట్టెను ఎత్తి చూపించింది. "గిట్లనే అయితే గిరాకీలు గంజి తాగి పోవాలె."

ఆ వంటింట్లో పాటకు తూకం అదొక్కటే. చేయి పడుతుందా, పడదా. రొట్టెలు తట్టే ఆడవాళ్లు పాటను మణికట్టుతో వింటారు. తాళం దెబ్బకు కుదిరితే మంచి పాట, మధ్యాహ్నం దాకా భుజం నొప్పి తెలియదు. కుదరకపోతే అంచులు చిరుగుతాయి. ఎంత పేరున్న గాయకులైనా ఈ పరీక్ష ముందు తలవంచాల్సిందే. ఆ లెక్కన ప్రజ్ఞ పాటలు పొద్దుటి నుంచి ఒకదాని వెనక ఒకటి తప్పుతూనే ఉన్నాయి.

మామూలు రోజయితే అంబుజకు ఇంత బెంగ ఉండేది కాదు. తెల్లవారగానే ప్రజ్ఞ ఫోనులో మాట రికార్డు చేసి పంపింది.

"అత్తా, నా పాటలొచ్చినయి. బ్యాండు లేకుండ నేనొక్కదాన్నే చేసిన మొదటి ఆల్బం. విని ఎట్లుందో చెప్పు. ఎప్పటిలెక్క బాగుంది అనొద్దు, జర నిజం చెప్పు. బ్యాండోళ్లు వాపస్ రమ్మంటున్నరు. పగటీలి బువ్వ యాళ్ల వరకు జవాబియ్యాలె. మంది తలా ఒక మాటంటున్నరు. నా పాటలు ఎట్లున్నయో నాకే సమజయితలేదు."

ప్రజ్ఞ లింగసుగూరు నుంచి కాలేజీ చదువుకు వచ్చి ఖానావళి పైగదిలో ఉండేది. ఆమె గిటారు మొదలుపెడితే పక్కగదుల వాళ్లు తలుపులు బాదేవారు. ఆ గొడవ పడలేక మహదేవప్పే ఉపాయం చెప్పాడు, "వంటింట్ల కూసొని వాయించుకో తల్లీ, రొట్టెల చప్పుట్ల ఎవ్వరికి వినబడదు" అని. అట్లా ఆ పిల్ల పిండి బస్తా మీదికి చేరింది. పాడటం అయిపోగానే గిటారు ఒళ్లో పెట్టుకుని అడిగేది, "ఎట్లుంది అత్తా?"

మొదటిసారి అడిగినప్పుడు అంబుజ వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరున్నారా అని. గోడ తప్ప ఎవరూ లేరు.

నవ్వొస్తుంది కాని, ఆమె బతుకులో అది అబద్ధం కాదు. పెళ్లికొడుకు ఎట్లున్నాడని తండ్రి అడగలేదు. యరగేర వదిలి పట్నం పోదామా అని భర్త అడగలేదు, మూట కట్టమన్నాడు. ఖానావళిలో పనికి చేరాక ఏ పప్పులో ఎంత ఉప్పో మహదేవప్ప చెప్పాడు. భర్త లారీ కింద పడి పోయాక ఆమె ఎక్కడుండాలో మరిది చెప్పాడు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. అడగాలని తోచలేదు, అంతే. ఎప్పుడైనా ఎవరైనా మాటవరసకు అడిగితే ఆమె దగ్గర ఒకే జవాబు ఉండేది: బాగుంది. చీరకూ బాగుంది, జ్వరం మందుకూ బాగుంది. ప్రజ్ఞకు కూడా అదే చెప్పింది. ఆ పిల్ల మాత్రం అడిగి ఊరుకునేది కాదు, ఆమె మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగేది. ఆ ఆగడానికి అంబుజ లోపల ఎంత మురిసిపోయేదో చెప్పనలవి కాదు. ఆ పిల్ల రొట్టె మీద వెన్న ఎప్పుడూ ఒక ముద్ద ఎక్కువే పడేది.

ఇప్పుడు ఆ జవాబే వద్దంటోంది. ఉన్న ఒక్క మాటా లాగేసుకుంటే అంబుజ ఏం చెప్పాలి? తప్పు చెబితే ఆ పిల్ల బతుకు అటుదిటు అవుతుంది.

ఎండ గుమ్మం దాకా వచ్చేసరికి మహదేవప్ప అద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, తన ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు.

"నోడమ్మా, ఇటు చూడండి, మన పిల్లకు జనం ఏం రాసిన్రో చదువుత వినండి. బ్యాండు లేకుంటే ఈమె ఉప్పులేని పప్పు అంటడు ఒకడు. గొంతుకు తుప్పు పట్టింది అంటడు ఇంకొకడు. ఇగో, ఈ పిల్ల చూడు, రాత్రంతా ఇదే విన్న, ఏడుపొచ్చింది, ఎందుకో తెల్వదు అని రాసింది."

"ఏడుపెందుకొచ్చిందో తెలీకపోవడమేంటి?" అంది వెంకటరత్నమ్మ. "రొట్టె చిరిగుంటుంది."

అందరూ నవ్వారు. అంబుజ నవ్వింది కాని లోపల గుబులు పోలేదు. ఇంతమందికి ఇన్ని మాటలు ఎట్లా పుడుతున్నాయో ఆమెకు ఆశ్చర్యంగా ఉంది.

భోజనాల వేళ దగ్గరపడింది. ముందు గదిలో బల్లలు నిండుతున్నాయి. మూడు పెనాలూ కాలుతున్నాయి. ఫోనులో ఆఖరి పాట మొదలైంది.

అదీ మిగతావాటిలాగే డప్పుల మోతతో మొదలైంది. ఆఖరి బస్సు తప్పిపోయిన ఒక పిల్ల ఇంటికి నడిచిపోతోంది, పాటలో సంగతి అంతే. నడుమకు వచ్చేసరికి డప్పులు ఆగిపోయాయి. గిటారూ ఆగింది. ప్రజ్ఞ గొంతు ఒక్కటే మిగిలింది, సన్నగా, కొంచెం వణుకుతూ, ఎవరూ తోడులేని దారిలో భయం పోగొట్టుకోవడానికి పాడుకున్నట్టు. ఆ దారి అంబుజకు తెలుసు. ఎప్పుడు నడిచిందో గుర్తు లేదు కాని తెలుసు.

"అమ్మవ్వా, రొట్టెలు మాడుతున్నై!" అని ముందుగదిలోంచి మహదేవప్ప కేక వేశాడు.

వంటిల్లంతా పొగ. అంబుజ తన చేతిని చూసుకుంది. అది పీటకు జానెడు ఎత్తున గాలిలో ఆగి ఉంది. పక్కన వెంకటరత్నమ్మ చేయి ముద్దలోనే ఉండిపోయింది. సుంకమ్మ చేతిలో తడిగుడ్డ నీళ్లు కారుతోంది. మూడు పెనాల మీదా మూడు రొట్టెలు నల్లబడ్డాయి. వెంకటరత్నమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, పొగని తిట్టింది.

అంబుజ లేచి చేతులు కడుక్కుంది.

"రత్నా, ఆ మాట పంపే బటన్ ఒత్తు."

వెంకటరత్నమ్మ ఒత్తి ఫోను ఆమె నోటి దగ్గర పట్టుకుంది. అంబుజ గొంతు సవరించుకుంది.

"బిడ్డా, నిజమే చెప్పమంటివి గద. ముందు పాటలకు చెయ్యి పడలే. రొట్టెలన్ని చిరిగినయి. ఆఖరిదానికి చెయ్యి ఆగిపోయింది. నాది ఆగింది, రత్నది ఆగింది, సుంకమ్మది గూడ ఆగింది. మా ఆయన పోయిండని కబురొచ్చిన్నాడు గూడ నా చెయ్యి ఆగలే, బల్లల కాడ జనం కూసున్నరని ఉన్న పిండి అయిపోయేదాంక తట్టిన. గియ్యాల మూడు రొట్టెలు మాడినయి. బాగుందా అంటే నాకు తెల్వదు. అయింది చెప్పిన. ఇంకొక మాట. ఎట్లుంది అత్తా అని నువ్వు అడుగుతుంటివి చూడు, నన్ను గట్ల ఎవ్వరడగలే. సల్లగుండు తల్లీ."

కూరగిన్నెలు ముందుగదికి పోయేలోపే జవాబు వచ్చింది. నవ్వూ ఏడుపూ కలిసిన గొంతు.

"మూడు రొట్టెలా అత్తా? నాకు గింతకన్న ఏం గావాలె! నేను వాపస్ రాను అని చెప్పేసిన. ఇగ నా పాటలు నేనే పాడుకుంట. ఐతారం వస్త. ఆ మాడిన రొట్టెలకు బదులు నేను కూసొని తడతా, ఎట్లున్నయో నువ్వు చెప్పాలె."

అంబుజ దాన్ని మళ్లీ పెట్టించుకుని వింది. మూడోసారి అడగడానికి సిగ్గుపడి ఊరుకుంది.

జనం తిని వెళ్లాక ఆడవాళ్లు కంచాల ముందు కూర్చున్నారు. అంబుజ రొట్టె ముక్క పప్పులో ముంచి నోట్లో పెట్టుకుంది, నమిలింది, ఆలోచించింది.

"మహదేవప్పా, పప్పుల ఉప్పు జాస్తి అయింది."

మహదేవప్ప తలెత్తి చూశాడు. ఇన్నేళ్లలో ఆమె నోట అట్లాంటి మాట వినలేదు. గరిటెతో చేతిలో వేసుకుని నాకి చూశాడు.

"అవును. అయింది," అన్నాడు.

"రేపట్నుంచి నన్ను అడిగి వెయ్యి," అంది అంబుజ. వెంకటరత్నమ్మకు నవ్వు ఆగక పొలమారింది, సుంకమ్మ వీపు చరిచింది. అంబుజ మొహం వెలిగిపోయింది. అంత తృప్తిగా ఆమె తినడం వాళ్లెప్పుడూ చూడలేదు.

సాయంత్రం రొట్టెలకు పిండి జల్లించి పెట్టి, ఎడమభుజం లాగుతోందని, కిటికీ కింద గోనెపట్టా పరుచుకుని పడుకుంది. బయట బస్సుల హారన్లు మోగుతున్నాయి. ఆమె అటు తిరిగి, చేయి తలకింద పెట్టుకుంది.

పొద్దు వాలుతుండగా వెంకటరత్నమ్మ పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది. నీళ్లు మరుగుతున్నాయి అక్కా, లే, అని పిలిచింది. మళ్లీ పిలిచింది. దగ్గరికి వెళ్లి భుజం మీద చేయి వేసింది. కాసేపు ఆ చేయి అట్లాగే ఉంచి, తరవాత పొయ్యి ఆర్పింది. గుండె ఆగిందని, నిద్రలోనే పోయిందని వచ్చిన డాక్టరు చెప్పాడు. ఖానావళి తలుపు మూశారు. ప్రజ్ఞకు ఫోను మహదేవప్పే చేశాడు.

"నా పాట ఎట్లుందో నాకు నిజం చెప్పింది అత్త ఒక్కతే," అంది ప్రజ్ఞ. "ఇప్పుడే బయల్దేరుత."

వంటింట్లో పీట పక్కన పెద్ద పళ్లెంలో జల్లించిన జొన్నపిండి కుప్పగా ఉంది. మరిగే నీళ్లు పోయడానికి కుప్ప నడుమ అంబుజ పిడికిలితో ఒత్తిన గుంట, వేళ్ల గుర్తులతో సహా, అట్లాగే ఉంది.