నాలుగు సెంటీమీటర్ల లోటు

నాంచారి కొల్లేటి అడుగు నుంచి తెచ్చిన మట్టి గొట్టంలో నాలుగు సెంటీమీటర్లు లేవు. కాబట్టి ఆమె జీవితంలో ఎనిమిదేళ్లు లేవు. సెంటీమీటరు మట్టికి రెండేళ్లు. పర్యావరణ భూవిజ్ఞాన శాఖలో చేరిన మొదటి వారమే ఈ సంగతి నేర్పుతారు.

తెల్లటి ప్లాస్టిక్ గొట్టాన్ని నిలువునా చీల్చి, ప్రయోగశాల బల్ల మీద రెండు దోసబద్దల్లా పరిచింది. పైనుంచి ఏడు సెంటీమీటర్లు బాగానే ఉంది. ఆ కింద ఖాళీ. ఖాళీ కింద మళ్లీ మట్టి, అది ఆమె పుట్టకముందుది. మట్టి ఏ రకమో తేల్చాలంటే చిటికెడు తీసి ముందుపళ్ల మధ్య నలిపి చూడాలి. కరకరలాడితే ఒండ్రు, వెన్నలా జారితే బంక. నాంచారి ఖాళీలోంచి చిటికెడు తీసి నలుపుతుంది. కరకరలాడుతుంది.

ఆ క్షణం నుంచి ఆమెకు నాన్న మొహం గుర్తు లేదు. పొద్దున హాస్టల్లో కాఫీ తాగేటప్పుడు కూడా ఉంది.

ఆమెకు ఎనిమిదేళ్లప్పుడు, గాలివానలో పడవ తిరగబడి, వాళ్ల నాన్న పెదకోటయ్య కొల్లేట్లో పోయాడు. శవం దొరకలేదు. ఊళ్లో తన ఈడు పిల్లలంతా బి.ఎడ్.కి వెళితే నాంచారి ఈ చదువుకి ఎందుకొచ్చిందంటే, ఇంటర్వ్యూలో గడగడా చెప్పిన వాతావరణ మార్పులూ అవీ ఏమీ కాదు. సరస్సు దేన్నీ పారేసుకోదనీ, ఏ ఏటిది ఆ ఏడు పొరలు పొరలుగా పేర్చి దాచుకుంటుందనీ ఎవరో అంటే విని వచ్చింది. ఎంత పిచ్చి ఆశో చూడండి.

ఆచార్య భుజంగరావు గారు కళ్లద్దాలు పైకి తోసుకుని ఖాళీలోకి తొంగి చూస్తారు. ముప్పయ్యేళ్లుగా చెరువుల అడుగులు చదువుతున్న మనిషి. ఎదుట నిలబడ్డ పిల్ల మొహం చదవడం మాత్రం ఇంకా రాలేదు.

“ఏళ్లు పోవడం మామూలేనమ్మా. ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరికి పోతాయి,” అంటారు.

“అందులో మా నాన్న ఉన్నారు సార్.”

“ఉంటే కనపడాలి కదా. కనపడనిదాన్ని లేదనే రాస్తాం.”

పోయిన మట్టి ఎంతో కొలిచి, అంత చెక్కముక్క కోసి, ఖాళీలో పెట్టాలి. అది శాఖ పద్ధతి. లేకపోతే పైమట్టి కిందికి జారి కాలమంతా కలగాపులగమైపోతుంది. చెక్క మీద ‘లేదు’ అని రాసి కింద సంతకం పెట్టాలి. పెడితే శుక్రవారం మౌఖిక పరీక్ష, ఆ పైన డిగ్రీ. నాంచారి టేకుముక్క కోసి పెడుతుంది. ‘లేదు’ అని కుదురుగా రాస్తుంది. సంతకానికి మాత్రం చెయ్యి రాదు.

సాయంత్రం కాకముందే అమ్మ ఫోన్ చేస్తుంది.

“ఏమే, ఇక్కడ చెక్కొకటొచ్చి గుమ్మంలో కూకుంది. నీ సంతకం లేదంట, లోపలికి రానంటంది. అన్నం పెట్టమంటావా?”

“నాన్నేడమ్మా?”

“ఏ నాన్న?”

అమ్మ గొంతులో దాపరికం లేదు. బాధ కూడా లేదు. నాంచారికి ఏడుపు ముంచుకొస్తుంది. పద్నాలుగేళ్లుగా బోసి నుదుటితో తిరుగుతున్న మనిషి, ఎవరి కోసమో కూడా తెలియకుండా తిరుగుతోంది.

విద్యార్థికి ఒకటే గొట్టం అని నియమం. నాంచారి మర్నాడు రెండోది దుప్పట్లో చుట్టుకుని బస్సెక్కుతుంది. మిట్టమధ్యాహ్నానికి సైదులు బాబాయి పడవలో కొల్లేటి మధ్యన ఉంటుంది. మొన్న గొట్టం దింపిన చోట నీళ్లలో గుండ్రటి కన్నం అలాగే ఉంది. నీళ్లు దాని పక్కనుంచి మర్యాదగా తప్పుకుని పోతున్నాయి.

“దీని పక్కనే దింపుతాను బాబాయ్.”

“పక్కన దింపితే ఏరేవోళ్ల నాన్న వత్తాడమ్మా.”

“జానెడే కదా తేడా.”

“ఆ గాలివానకి బోల్డుమంది పోయారు. జానెడుకొకడున్నాడు,” అంటాడు సైదులు. అయినా పడవ కదలకుండా గెడ పాతి పట్టుకుంటాడు.

గొట్టం చాలా బరువుగా పైకి వస్తుంది. పడవలోనే చీలుస్తుంది. పైనుంచి ఏడు సెంటీమీటర్ల కింద, మోకాళ్లు గుండెలకి ఆనించుకుని ఒకాయన కూర్చుని ఉన్నాడు. లేచి, మొహం మీది మట్టి తుడుచుకుని, చొక్కా గుండీలు సరిచూసుకుంటాడు.

“మా అమ్మాయేది?”

నాంచారికి నాన్న మొహం తెలియదు. ఈ మొహమే అయ్యుండొచ్చు. అయితే ఎంత బాగుండు.

“నేనే,” అంటుంది.

ఆయన ఆమె అరచెయ్యి తిప్పి చూస్తాడు. “కాదమ్మా. మా పైడమ్మకి బొటనేలు కాడ కాలిన మచ్చుంటది.” ఆయనకు కోపం రాలేదు. ఆయనకు ఓపిక చాలా ఉంది. “నన్ను ఉన్నకాడే పెట్టెయ్. అది ఎతుక్కుంటా వత్తే దొరకాలి కదా.”

“మీ పక్కన మా నాన్న ఉండాలి. పెదకోటయ్య.”

“ఉండేవోడు. మొన్నే పైకెళ్లాడు, ఆళ్ల పిల్లని ఎతుకుదామని. గొట్టం కూడా అట్టుకెళ్లాడు.”

ఇక్కడ నాంచారి నాన్నని వెతుకుతూ ఉంటే, ఆయన ఎక్కడో తనను వెతుకుతున్నాడు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా అనిపిస్తుంది. కానీ ముందు చేయాల్సిన పని ఒకటుంది. నడుములోతు నీళ్లలోకి దిగి, ఆ పెద్దమనిషిని మళ్లీ బురదలోకి దింపుతుంది. ఆయన భుజాలు వంచి సాయం చేస్తాడు.

ఆయన తల మునిగేసరికి నాంచారి చుట్టూ ఒక తెల్లటి గోడ గుండ్రంగా దిగుతుంది. సైదులు బాబాయి, పడవ, ఎండ కనిపించవు. ఎవరో ఆమెను అడుగు నుంచి పెళ్లగించి పైకి లాగుతున్నారు. చాలాసేపటికి గోడ నిలువునా చీలుతుంది. వెలుగులో ఒక మనిషి ఆమె మీదికి వంగి ఉన్నాడు. మోచేతుల దాకా బురద.

“ఎవరమ్మా నువ్వు?”

“నాంచారిని. మీ కూతుర్ని.”

“మా నాంచారికి ఎనిమిదేళ్లు. ఇంతుంటది,” అని ఆయన చెయ్యి తన నడుము దగ్గర పెట్టి చూపిస్తాడు.

“పెరిగాను నాన్నా.”

“అందరూ అదే అంటన్నారమ్మా,” అంటాడు ఆయన. కళ్లు తుడుచుకుంటే వాటి నిండా బురదే అవుతుంది.

ఆ మొహం ఇప్పుడు ఆమెకు బాగా కనిపిస్తోంది. రెప్ప వేయకుండా చూస్తుంది. ఆయన ఆమె నడినెత్తిన అరచెయ్యి ఆనించి, నొప్పి పుట్టకుండా, మెల్లగా, మళ్లీ ఉన్నచోటికే, కిందికి నొక్కుతాడు. మట్టి గడ్డం దాకా వస్తుంది. చల్లగా ఉంది.