పదో కల

ఇది ఒక్కసారి వచ్చి ఊరుకునే రకం కాదు, దుండిగల్‌లో లేచిన శిక్షణ విమానం బౌరంపేట్ మీదుగా ఒక చుట్టు తిరిగిందంటే రెండో చుట్టూ తిరుగుతుంది, కాబట్టి ఇప్పుడే రికార్డు బటన్ నొక్కడం దండగ అనుకుంటూ భాస్కర్ గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించి ఆ మోత దూరమయ్యేదాకా ఆగాడు, ఎదురుగా స్టూలు మీద ఓదెలు కంజర ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తున్నాడు, తలుపు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో అతని భార్య వజ్రమ్మ కొంగు భుజం చుట్టూ కప్పుకుని కూచుంది, మూడేళ్ళలో ఆమె ఈ షెడ్డుకు రావడం ఇదే మొదటిసారి, శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు బస్సు, అక్కణ్ణుంచి షేరు ఆటో, ఇక ఆయన్ని ఒక్కణ్ణి పంపేది లేదని ఖరాఖండిగా చెప్పి వెంట వచ్చింది, వచ్చినప్పటి నుంచి గోడల నిండా అంటించిన గుడ్ల అట్టల్నే చూస్తోంది, ఒకప్పుడు ఇది నాయిన కోళ్ళ షెడ్డు, కోళ్ళకు తెగులొచ్చి ఖాళీ అయ్యాక భాస్కర్ అడిగి తీసుకున్నాడు, అట్టలు అంటిస్తే శబ్దం గోడకు కొట్టుకుని తిరిగి రాదని ఎవరో చెప్పారు, నిజమే, శబ్దం తిరిగి రాదు కానీ వాన పడినప్పుడల్లా కోళ్ళ వాసన తిరిగొస్తుంది, మూడో పాట మధ్యలో ఓదెలు తుమ్మింది అందుకే, ఆ తుమ్మును తీసేయలేదు, ఉండనీ అనిపించింది, వినడానికి వచ్చిన పత్రికాయన దాన్ని కూడా మెచ్చుకున్నాడు, నిద్రలోంచి అప్పుడే లేచిన మనిషి తుమ్ములా ఉంది భాస్కర్ గారూ అన్నాడు, అంతే కదా మరి, ఈ ఆల్బం మొత్తం నిద్రలోంచి లేచిందే, పది కలలు, పది పాటలు, తొమ్మిది అయిపోయాయి, ఇవాళ పదోది, ఓదెలు కల కంటాడు, తను దానికి వరుస కట్టి గిటారు జోడిస్తాడు, ఆల్బం అట్ట మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉండాలని భాస్కరే పట్టుబట్టాడు, ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా లోపల ఎక్కడో చిన్న తృప్తి, ఆ తృప్తి ఎందుకో ఇప్పుడు కాస్త ఎబ్బెట్టుగా తోచింది, తోచి పోయింది, విమానం ఇంకా పోలేదు.

రెండువేల సంవత్సరంలో నాయిన ద్రాక్షతోట తీయించి ప్లాట్లు చేస్తున్నప్పుడు మొదలైంది ఇదంతా, ఇంజినీరింగు పాసై ఏ ఉద్యోగమూ చెయ్యబుద్ధికాక గిటారు భుజాన వేసుకుని తిరిగే రోజులు, పదిహేనేళ్ళు ఆ తోటలో తీగలు కత్తిరించిన ఓదెలే ఇప్పుడు పందిరి కింది రాతి కడీలు పెకలిస్తూ పాడుతున్నాడు, శామీర్‌పేట జింకలు కంచె దూకి వచ్చి కరీంనగర్ బస్సెక్కి ఆడవాళ్ళ సీట్లలో కూచున్నాయట, టికెట్టు అడగడానికి కండక్టరుకు సిగ్గేసిందట, భాస్కర్ అక్కడే రాయి మీద కూలబడి ఇంకోసారి పాడించుకున్నాడు, అది అతనికి వచ్చిన కల అని ఆ రోజే తెలిసింది, ఆ తర్వాత ప్రతి సోమవారం ఓదెలు ఈ షెడ్డుకు రావడం, ఏం కల వచ్చింది ఓదెలూ అని తను అడగడం, అతను గడ్డం గోక్కుంటూ కాసేపు నేల చూసి చెప్పడం మొదలుపెట్టడం, ఒకసారి ద్రాక్షగుత్తికి కళ్ళు మొలిచి గొడ్డలి పట్టుకున్నవాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది, ఒకసారి చనిపోయిన తల్లి కోళ్ళ దాణాలో అడుగులు వేసుకుంటూ వస్తే ఆ అడుగుల్ని కోళ్ళు తినేస్తాయి, భాస్కర్‌కు కలలు రావు, వచ్చినా బస్సు తప్పిపోవడమో పరీక్ష రాయకపోవడమో, చెప్పుకోదగ్గవి కావు, చదువులేని మనిషి నిద్రలో ఇన్ని ఉండటం ఎంత వింత అని పత్రికాయనతో అన్నప్పుడు పక్కనే ఉన్న ఓదెలు టీ తాగుతున్నాడు, గ్లాసు మీంచి కళ్ళెత్తి ఒక్కసారి చూశాడు, అంతే, దుండిగల్ కాలేజీలో పాడిన రోజు పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేస్తుంటే కూడా అలాగే చూశాడు, సంతోషమా అంటే చెప్పలేం, ఆ పూట తిరిగి వస్తూ ఆటోలో ఒకే మాట అన్నాడు, మస్తుగ విన్నరు పటేలా, అని.

పోయిన వానాకాలంలో ఓదెలుకు ఫిట్స్ వచ్చాయి, బస్టాపులో విరుచుకు పడిపోయాడట, పెద్దాసుపత్రిలో డాక్టరు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి గోలీలు రాసిచ్చి బతికినన్నాళ్ళూ వేసుకోవాలన్నాడు, ఫిట్స్ ఆగాయి, దాంతోపాటు కలలూ ఆగాయి, ఏం కల వచ్చింది ఓదెలూ అంటే ఏం రాలే పటేలా, మరుసటి సోమవారం కూడా ఏం రాలే, అలా ఐదు నెలలు, తొమ్మిది పాటల దగ్గర ఆల్బం నిలిచిపోయింది, పది కలలు అని అందరికీ చెప్పేశాక తొమ్మిదంటే ఏం బాగుంటుంది, అప్పుడు ఒక మధ్యాహ్నం శామీర్‌పేట చెరువు కట్ట మీద ఇద్దరూ పల్లీలు తింటూ కూచున్నప్పుడు భాస్కర్ ఆ మాట అన్నాడు, ఏ గొంతుతో అన్నాడో ఇప్పటికీ చెవిలో ఉంది, చాలా తేలిక గొంతు, కిటికీ కొంచెం తెరుద్దామా అన్నట్టు, ఒక నాలుగు రోజులు గోలీలు ఆపి చూద్దామా ఓదెలూ, మళ్ళ వేసుకుందువు తియ్యి, ఓదెలు పల్లికాయ ఒలిచి గింజలు నోట్లో వేసుకుని తొక్క నీళ్ళలోకి విసిరి సరే పటేలా అన్నాడు, ఐదో రోజు ఇంటి మెట్ల మీద పడ్డాడు, గడ్డం పగిలింది, నాలుక కొరుక్కున్నాడు, భాస్కర్ బత్తాయిలు తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాడు, మంచం పక్కన నిలబడి ఎట్లున్నది అని అడిగాడు, ఆ తర్వాత, అవును, వజ్రమ్మ మంచినీళ్ళకు బయటికి వెళ్ళిన ఆ నిమిషంలో వంగి ఏమన్నా వచ్చిందా అని కూడా అడిగాడు, నాలుగు రోజుల తర్వాత మళ్ళీ వెళితే ఓదెలు వాచిన నాలుకతో ముద్దముద్దగా పదో కల చెప్పాడు, హమ్మయ్య, పని చేసింది అనుకున్నాడు భాస్కర్, ఆ హమ్మయ్యను ఇప్పుడు, ఊడిపోయిన పన్నును అరచేతిలో పెట్టుకుని చూసినట్టు, అటూ ఇటూ తిప్పి చూశాడు, నొప్పేమీ లేదు, అది తనదే అని మాత్రం తెలుస్తోంది.

విమానం పోయింది, దూరంగా ఎవరి ప్లాట్‌లోనో బోరు వేస్తున్న శబ్దం, అది పరవాలేదు, దాన్ని పాటలో కలిపేయొచ్చు, భాస్కర్ బటన్ నొక్కి తల ఊపాడు, ఓదెలు కళ్ళు మూసుకోలేదు, ఎప్పుడూ మూసుకోడు, చెరువు లేసి నడిసొచ్చె సెప్పులు సేత వట్టుకొని, అని ఎత్తుకున్నాడు, కుట్లు పడ్డ గడ్డం కిందికీ మీదికీ కదులుతోంది, పటేలింటి ముంగటికొస్తే అల సప్పుడు సేయకపాయె, ఇల్లు దాటి పోయినంక సెప్పులు దొడిగి నవ్వె, భాస్కర్ వేళ్ళు వాటంతట అవే తీగ మార్చుకున్నాయి, చెప్పులు చేత పట్టుకున్న చెరువు, కలలో తప్ప ఎవడికి తోస్తుంది ఇది అనుకున్నాడు, కంజర చివరి దెబ్బ అట్టల్లో ఇంకిపోయింది, ఒక్కసారికే కుదిరింది, ఆ ఉత్సాహంలో వజ్రమ్మ వైపు తిరిగి చూసినవా వజ్రమ్మా మీ ఆయనకు ఎసొంటి కల వచ్చిందో అన్నాడు, కలేంది పటేలా, అన్నది వజ్రమ్మ, మెల్లగానే అన్నది, ఊకోయే అన్నాడు ఓదెలు, నేనెందుకు ఊకోవాలె, ఫిట్స్ వచ్చి పోయినంక గంటసేపు నేనెవ్వరో గుర్తువట్టడు, పేరు వెట్టి పిలిస్తె గోడ దిక్కు జూస్తడు, గసొంటాయనకు కలేడికెల్లి వస్తది, నువ్వు బత్తాయిలిచ్చి పోయినంక మూడు రోజులు మంచం పట్టె మీద ఏలుతోని కొట్టుకుంట ఒక్కొక్క మాట అతికిండు, గీ మాట మంచిగుందా గా మాట మంచిగుందా అని నన్నడిగిండు, నాలుక తిరగక ఏడ్సిండు గూడ, ఇగ సెప్పులు సేత వట్టుకొని నడిసిందంటవా, అది చెరువు గాదు మా మామ ముత్తయ్య, మీ తాత అరుగు మీద కూసుంటే ఆ బాటెంట పోయేటోళ్ళందరు గట్లనే పోయిండ్రు, అని ఆమె మళ్ళీ కొంగు సర్దుకుని గుడ్ల అట్టల వైపు చూడసాగింది, కంప్యూటర్ ఇంకా రికార్డు చేస్తూనే ఉంది, ఆమె మాటలు ఆకుపచ్చ గీతలై తెర మీద పాకిపోతుంటే భాస్కర్ వాటినే చూశాడు, మనిషి ముఖం చూడటం కంటే అదే సులువు, మరి గోలీలెందుకు ఆపినవు ఓదెలూ అని అడిగాడు, తన గొంతు తనకే ఎవరో అడిగినట్టు వినిపించింది, నువ్వు ఆపుమన్నవ్ గద, అన్నాడు ఓదెలు, మల్ల నాగ్గూడ గావాలె, గోలీలేస్తె పొద్దంత మబ్బు మబ్బుగుంటది పటేలా, మాటకు మాట అతుకది, ఐదు నెలల సంది ఒక్క పాట అల్లలేకపోతి, పానం గుంజుకపోయింది, మరి జింకల పాట, అది గూడ అల్లిందే, కత్తిరింపులప్పుడు అల్లిన, తొమ్మిదీనా, తొమ్మిదీ.

అయితే కలలని ఎందుకు చెప్పావని అడిగాడు భాస్కర్, కోపం తెచ్చుకుందామని చూశాడు, రాలేదు, ఓదెలు కంజరను బట్టతో తుడుస్తూ నేనెక్కడ చెప్పిన పటేలా, నువ్వే అడిగితివి, తోటల ఆ దినం పాట ఇని, గిది నీకు కలల వచ్చిందా ఓదెలూ అంటివి, నీ మొఖం ఎలిగిపోతాంది, ఔనన్న, అన్నాడు, ఇగ ప్రతి సోమవారం నువ్వు గదే అడగవడితివి, భాస్కర్ లేచి రెండడుగులు వేసి మళ్ళీ కూచున్నాడు, ఆల్బం అట్ట ఇంకా మేడ్చల్ ప్రెస్సులోనే ఉంది, ఫోన్ చేసి ఆపొచ్చు, కలలు అన్న మాట తీసేసి పాటలు అల్లినది ఓదెలు అని వేయించొచ్చు, అదే అన్నాడు బయటికి, వేయించు అన్నది వజ్రమ్మ వెంటనే, ఓదెలు మాత్రం తల అడ్డంగా ఊపాడు, వద్దు పటేలా, కల అంటె ఇంటరు, ఓదెలు అల్లిండంటె ఎవరింటరు, అన్నాడు, నిష్ఠూరంగా కాదు, వాన పడేట్టుంది అన్నంత మామూలుగా, భాస్కర్ చెయ్యి అప్పటికే ఫోన్ మీద ఉంది, నంబరు కలిపాడు, అవతల గంట మోగుతోంది, చెరిపించాల్సిన మాటా రాయించాల్సిన పేరూ నోట్లో సిద్ధంగా ఉన్నాయి, వాటికంటే ముందు ఓదెలుకు ఒక మాట చెప్పాలనిపించింది, ఎవరో ఎందుకు, నేను వినేవాణ్ణి కదా అని, నోరు తెరిచాడు కూడా, ఆ ద్రాక్షతోట ఎండ, పెకలించిన కడీలు, ఎర్రమట్టి అంటిన ఓదెలు చేతులు, తను కూలబడిన రాయి అన్నీ ఒక్కసారి కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డాయి, ఆ రోజు ఓదెలు లేదు పటేలా, నేనే అల్లిన, పోయినేడు కత్తిరించుకుంట అల్లిన అని ఉంటే ఏం చేసేవాడు, మంచిగున్నదోయ్ అనేవాడు, నిజంగానే మెచ్చుకుని, ప్యాంటు వెనక మట్టి దులుపుకుని, గిటారు సంచి జిప్పు కూడా తీయకుండా, కడీలు ఎన్ని మిగిలాయో చూసి నాయినకు చెప్పడానికి ఇంటికి నడిచిపోయేవాడు, ఇందులో అనుమానమేమీ లేదు, ఎంత వెతికినా లేదు, హలో ఎవరు అంటున్నారు అవతల ప్రెస్సువాళ్ళు, ఓదెలు అడిగిన ఆ ఎవరింటరుకు జవాబు తనకు తెలుసు, వినకుండా వెళ్ళిపోయేవాళ్ళలో మొదటివాడు తానే.