సిగ్నల్ దొరికే కిటికీ

మిషను తలను వెనక్కి వాల్చి, అడుగునున్న చిన్న చిన్న రంధ్రాల్లో ఒక్కో చుక్క నూనె వేస్తోంది మిషనత్త. ఆ పని కాగానే తలను నిలబెట్టి, సూది కింద ఒక పాతగుడ్డ పెట్టి అటూ ఇటూ కొన్ని వరసలు కుట్టింది. ఎక్కువైన నూనెంతా ఆ గుడ్డకే అంటుకోవాలి. పొద్దున్నే ఎవరి బట్టకో మరకైతే రోజంతా సంజాయిషీలతోనే సరిపోతుంది.

ఆమె అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. చిన్నా పెద్దా అందరికీ మిషనత్తే. అంచులు మడవడం, నడుము వదులు చేయడం, జిప్పులు మార్చడం, అరిగి పీచులు లేచిన కాలరును విప్పి లోపలివైపు పైకి తిప్పి మళ్ళీ కుట్టడం ఆమె పని. కొత్తబట్టలు కుట్టించుకునేవాళ్ళు బజారుకు పోతారు. పాతవాటిని ఇంకొన్నాళ్ళు లాగించాలనుకునేవాళ్ళు ఆమె దగ్గరికి వస్తారు.

పెళ్ళైన కొత్తలోనే మొగుడు వేరేచోట వేరే సంసారం పెట్టుకున్నాడు. పిల్లలు లేరు. అయినా ఆ ఇంట్లో మనిషి అలికిడి లేని రోజు ఉండేది కాదు. దానికి కారణం కిటికీ. వీధంతా పల్లంలో ఉంది, ఆమె ఇల్లొక్కటే గట్టు మీద. ఫోనులో అవతలి మాట తెగకుండా వినపడాలంటే ఆమె ముందుగది కిటికీ దగ్గరికి రావలసిందే. అందుకే అక్కడొక స్టూలు వేసి ఉంచింది. ఎవరి సంబంధం కుదిరినా, ఎవరి ఉద్యోగం ఊడినా మొదట ఆ స్టూలుకే తెలిసేది. ఎవరైనా ఫోను చెవికి పెట్టుకున్నారంటే పెడల్ మీద ఆమె కాలు దానంతటదే ఆగిపోయేది. ఇటువైపు మాటలే వినపడేవి. అటువైపువి ఆమె తీరిగ్గా కుట్టుకుంటూ ఊహించుకునేది. ఆమె సొంత ఫోను మోగితే మాత్రం అది కంపెనీ వాళ్ళ ప్రకటనో, తప్పు నంబరో అయ్యుండేది.

డ్రైవరు భార్య ఒక్కతే మిషను ఆపనిచ్చేది కాదు.

"నువ్వు కుట్టుకో అక్కా, నా గురించి ఆపకు" అనేది స్టూలు మీద కూర్చుంటూనే. మొగుడు లారీ తోలుకుంటూ నెలలో సగం రోజులు ఎక్కడెక్కడో తిరుగుతుండేవాడు. "తిన్నావా? అబద్ధం చెప్పకు, గొంతులోనే తెలుస్తోంది... ఆ దగ్గేంటి మళ్ళీ? మందు తాగావా, సీటు కింద దాచావా?" ఇలా రోజూ. అతనికి దగ్గుందని, అలిగితే నోరు విప్పడని, చొక్కా చిరిగేదాకా వదలడని మిషనత్తకు తెలుసు. అతని గొంతు మాత్రం ఎప్పుడూ వినలేదు.

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం డ్రైవరు భార్యకు ఊపిరి ఆడలేదు. ఇంట్లో ఎవరూ లేరు, ఫోను కలవలేదు. గట్టు మీదికి బయలుదేరి వీధి మలుపులోనే పడిపోయింది. చూసినవాళ్ళు పరుగెత్తుకెళ్ళేసరికి ప్రాణం లేదు.

అప్పటినుంచీ సెల్ టవరు కావాలని వీధంతా ఒక్కమాట మీదుంది. ఎక్కడ పెట్టాలన్న దగ్గరే ఎవరి దారి వాళ్ళది.

ఈరోజు ఆ విషయం తేల్చుకుందామని అందరూ మిషనత్త వాకిట్లోనే కూడారు. టవరు కంపెనీ మనిషి తన ఆఫీసుతో మాట్లాడాలన్నా ఆ కిటికీ దగ్గరికే రావాలి మరి.

"మా డాబా మీద మాత్రం వద్దు బాబూ. మా కోడలికి నెలలు నిండుతున్నాయి" అంది ఒకావిడ.

"స్మశానం పక్కన పెడితే సరి. అక్కడ కాదనేవాళ్ళెవరూ ఉండరు" అన్నాడు లెక్కల మాస్టారు.

"మా నాన్న ఉన్నాడండీ అక్కడ" అన్నాడు రంగుల షాపాయన. "బతికున్నప్పుడే ఫోను మోగితే ఇంతెత్తున లేచేవాడు."

అందరూ నవ్వారు. కంపెనీ మనిషి నవ్వలేదు. "అది పల్లం సార్, పనికిరాదు. ఎత్తు మీద కావాలి. మీరు తేల్చకపోతే చెప్పండి, పక్క కాలనీవాళ్ళు అడుగుతున్నారు" అన్నాడు.

అందరి తలలూ గట్టు మీది ఇంటివైపు తిరిగాయి.

"నిజమే. ఇన్నేళ్ళుగా సిగ్నలంతా మిషనత్త ఇంట్లోనే పడుతోంది. ఆవిడకేమన్నా అయిందా? గుండ్రాయిలా ఉంది" అన్నాడు మాస్టారు.

"పైగా ఆవిడకి అలవాటే కదా" అన్నాడు షాపాయన.

"నాకు అలవాటైంది మీరు నాయనా, సిగ్నల్ కాదు" అంది మిషనత్త.

మళ్ళీ నవ్వారు. ఆమె నవ్వించడానికి అనలేదు. ఇంటి వెనక పెరడు ఖాళీదే, కాదనడానికి పెద్ద కారణమేమీ లేదు. కానీ టవరు లేచిందంటే ఎవరింట్లో వాళ్ళకు ఫోను మోగుతుంది. గట్టెక్కి ఈ గుమ్మంలోకి రావలసిన అవసరం ఎవరికుంటుంది? తను కాదంటే ఇంకెవరూ ఒప్పుకోరు, కంపెనీవాడు పక్క కాలనీకి పోతాడు. స్టూలు స్టూలులాగే ఉంటుంది. 'ఆలోచించుకుని చెప్తాను' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది.

గేటు బయట నిలబడ్డ డ్రైవరు అప్పుడు నోరు విప్పాడు.

"ఎక్కడో ఒకచోట పెట్టండయ్యా. మా ఇంటి మీద పెట్టినా నాకు అడ్డేం లేదు. రేకుల కప్పు. మోస్తుందంటే పెట్టేయండి."

అతను పక్కకు తిరిగి దగ్గాడు. ఆ దగ్గు గురించి ఎన్ని చీవాట్లు విందో మిషనత్త! దగ్గు వినడం మాత్రం ఇదే మొదటిసారి.

"మా పెరట్లో పెట్టుకోండి" అంది. "బట్టలారేసే తీగ మాత్రం తెంపకండి."

అందరూ ఊపిరి పీల్చుకుని, ఆమెను నాలుగు మాటలు మెచ్చుకుని, ఎవరి పనుల మీద వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె లోపలికొచ్చి ఎవరిదో ప్యాంటు అంచు విప్పుతూ కూర్చుంది.

ఎండ వాలుతుండగా గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది.

"అక్కా, నా చొక్కా ఒకటి ఇక్కడుందట" అన్నాడు డ్రైవరు.

ఆమె లేచి, కాలరు తిప్పమని ఆ పిల్ల ఇచ్చివెళ్ళిన చొక్కా మేకు మీంచి తీసి ఇచ్చింది. అతను కాలరును వేళ్ళతో తడిమి చూశాడు.

"తిప్పితే కొత్తదైపోయిందే. మళ్ళీ అరిగితే?"

"ఒక్కసారే తిప్పగలం నాయనా. రెండువైపులేగా దానికి."

అతను తలూపి స్టూలువైపు చూశాడు. "ఇక్కడేనా కూర్చునేది?"

"అక్కడే. మొహం కిటికీవైపు పెట్టుకుని."

మెడలోంచి చిన్న గుడ్డసంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, కిటికీవైపు తిరిగి కూర్చున్నాడు.

"చాలా రోజులు మా ఇంట్లోనే మిషనుందనుకున్నా. వెనకాల చప్పుడొచ్చేది కదా. ఎప్పుడు కొన్నావే అంటే నవ్వేది" అన్నాడు. కాసేపటికి, "అది ఆగితే లైను తెగిందనుకునేవాణ్ణి" అన్నాడు.

మిషనత్త చేతిలో ప్యాంటు పక్కన పెట్టింది. పొద్దుటి నూనెగుడ్డను సూది కిందికి లాగి తొక్కడం మొదలుపెట్టింది. ఒక వరస, పక్కన ఇంకో వరస. గుడ్డ చివరకొచ్చి కాలు తడబడినప్పుడు అతను చటుక్కున తల తిప్పాడు. ఆమె గుడ్డను అటు తిప్పి మళ్ళీ తొక్కింది. మధ్యలో దారం అయిపోయింది. అయినా ఆపలేదు. సూది ఊరికే బెజ్జాలు వేసుకుంటూ పోయింది. కిటికీలోంచి పడ్డ ఎండ మెల్లగా గోడ మీదికి పాకింది.

అతను లేచాడు. చొక్కా చంకలో పెట్టుకుని, చెప్పుల్లో కాళ్ళు దూర్చి, గట్టు దిగి వెళ్ళిపోయాడు. అతను వీధి మలుపు దాటేదాకా ఆమె తొక్కుతూనే ఉంది.

స్టూలు మీద ఆ గుడ్డసంచి అలాగే ఉంది, లోపల ఆ పిల్ల ఫోనుతో సహా. ఎప్పుడో మిగిలిన లైనింగు ముక్కతో డ్రైవరు భార్యకు ఆమే కుట్టిచ్చింది. బొటనవేలు ఆనేచోట నలుపెక్కిన ఆ సంచికి, నాడా ముడి ఇంకా ఆ పిల్ల మెడకు సరిపడే కొలతలోనే ఉంది.